గూడబాతు బాతు కాదని నిరూపించాను

మొన్న నా పీహెచ్‌డీ వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, అయిపోయింది. నలభై నిమిషాల్లో తేల్చేశారు. గూడబాతుల (పెలికాన్ల) గూళ్ల మీద చేసిన ఆ పరిశోధన కోసం నేను తిరిగింది ఏడేళ్లు. హైస్కూల్లో బయాలజీ చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు ఎలా అని అడుగుతున్నారు, వేడి మీదున్నప్పుడే చెప్పేస్తా.

ప్రవేశ పరీక్ష కష్టం కాదు. గైడు ఇట్టే దొరికారు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో పరిశోధనకు 1972 నాటి వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అదే పెద్ద గండమని అందరూ భయపెట్టారు. అడిగిన కాగితాలు పెట్టాను, వచ్చేసింది.

నా ప్రాణం తీసింది మా విద్యాశాఖ ఇవ్వాల్సిన ఎన్‌ఓసీ, అదే నిరభ్యంతర పత్రం.

దరఖాస్తులో పక్షి శాస్త్రీయ నామం 'పెలెకానస్ ఫిలిప్పెన్సిస్' అని రాశాను. నెలన్నరకి తిరిగొచ్చింది, అర్థమయ్యేలా తెలుగులో రాయాలట. మంచిదేగా అని 'గూడబాతు' అని రాసిచ్చా. అక్కడే కొంప మునిగింది. ఈసారి మెమో వచ్చింది: 'బాతులు పశుసంవర్ధక శాఖ పరిధిలోనివి కనుక సదరు శాఖ నిరభ్యంతర పత్రం జతపరచవలెను.'

ఆఫీసుకి పరిగెత్తుకెళ్లాను. "సార్, ఇది బాతు కాదు. ముక్కు కింద సంచి ఉంటుంది, గూడతో నీళ్లు తోడినట్టు చేపల్ని తోడుకుంటుంది."

ఆ సీట్లోని గుమాస్తా తలెత్తలేదు. "బాతని రాసి సంతకం పెట్టింది మీరే కదా అయ్యవారూ?"

పక్క సీట్లలో నవ్వులు. ఇంకొకాయన, "సార్‌ని ఒకసారి అరిచి చూపించమనండి, బాతో కాదో తేలిపోద్ది" అన్నాడు. ఎదిగిన గూడబాతు అరవడం చాలా అరుదు. ఆ రోజు నాకూ గొంతు పెగల్లేదు. పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు జీవుల వర్గీకరణ చెబుతున్నవాణ్ణి, ఆ బల్ల ముందు అరచెయ్యి చాపి వేళ్లు విప్పి చూపించాను: బాతుకి ముందున్న మూడు వేళ్ల మధ్యే చర్మం, దీనికి వెనక వేలితో కలిపి నాలుగింటికీ. "పది వేళ్లున్నా సరే, ఆ కాగితం తెండి" అన్నాడు గుమాస్తా.

పశువుల డాక్టరు పడీపడీ నవ్వి, 'ఈ పక్షి మా శాఖకు చెందినది కాదు' అని రాసి ముద్రేశారు, టీ కూడా ఇప్పించారు. దాన్ని తీసుకెళితే, 'మాది కాదన్నారే గానీ అభ్యంతరం లేదనలేదు' అని మళ్లీ వెనక్కి. మొత్తం పదకొండు నెలలు! చెరువులోని కడప చెట్ల మీద అవి గూళ్లు కడుతుంటే నేను ఆఫీసు మెట్ల మీద కూర్చున్నా. ఒక సీజన్ మొత్తం పోయింది.

నేలపట్టు రైతులకి ఏ మెమో అక్కర్లేదు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకి బలమని తెలుసు, పిట్టల జోలికి పోరు. డిగ్రీలున్న మనకే ఫైలు కావాలి.

కాబట్టి ఏ కాగితం ఇచ్చినా నకలు మీద తేదీ ముద్ర వేయించుకోండి. తెలుగు పేరు మాత్రం చచ్చినా రాయకండి. తెలుగు మీద ప్రేమ ఉన్నవాణ్ణే, అయినా చెబుతున్నా. థీసిస్ రాత, ప్లేజియరిజం (కాపీ కొట్టారేమో చూసే) పరీక్ష ఇవన్నీ దీని ముందు దిగదుడుపే. నా గూళ్ల లెక్కలో ఎగ్జామినరు ఒక్క తప్పు కూడా పట్టలేకపోయారు, అది కూడా రాసుకోండి.

పట్టా చేతికొచ్చాక సర్వీసు రిజిస్టరులో ఎక్కించాలి. మళ్లీ అదే సీటు. థీసిస్ టైటిల్ ఇంగ్లిషులోనే ఉంచా.