లైవ్‌అబోర్డ్ మీద జంట సిలిండర్లు: నా అనుభవం

లైవ్‌అబోర్డ్‌కి (రోజుల తరబడి అక్కడే ఉంటూ స్కూబా డైవింగ్ చేసే బోటుకి) జంట సిలిండర్లతో వస్తున్నానని చెప్పగానే తోటి డైవర్లు ముందు అడిగేది, "అంత గాలి నీకెందుకు?" అని. నాకు కావాల్సింది ఎక్కువ గాలి కాదు. 30 మీటర్ల లోతులో ఒక రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) మొరాయిస్తే ఆ వైపు వాల్వ్ కట్టేసి, రెండో రెగ్యులేటర్ అందుకుని, మిగిలిన గ్యాసంతా వాడుకుంటూ నిదానంగా పైకి రావాలి. ఆ ధీమా కోసమే ట్విన్ సెట్ నేర్చుకున్నాను. నీళ్లలోకి దిగాక దానంత కుదురైనది లేదు. బోటు మీద మాత్రం అది పెట్టే పని అంతా ఇంతా కాదు.

బుకింగ్‌కి ముందే మెయిల్ పెడితే, "ట్విన్స్ ఉన్నాయి" అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. దాంతో ఏమీ తేలదు. సిలిండర్లు ఎన్ని లీటర్లవి, స్టీలా అల్యూమినియమా, మధ్యలో మానిఫోల్డ్ (రెండింటినీ కలిపే గొట్టం) ఉందా లేక రెండు విడి సిలిండర్లని పక్కపక్కన బిగించి ఇస్తారా, వాల్వులు రెగ్యులేటర్‌ని మరతో లోపలికి బిగించే డిన్ రకమా, బయటినుంచి బిగింపుతో పట్టే యోక్ రకమా, ఎంత ప్రెషర్ దాకా నింపుతారు, నైట్రాక్స్‌కి (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలికి) రెండింతలు కట్టాలా... అన్నీ మళ్లీ అడిగాను. 11 లీటర్ల అల్యూమినియం జత, ఐసొలేటర్ (రెండు సిలిండర్లనీ విడదీసే మధ్య వాల్వ్) ఉన్న మానిఫోల్డ్, డిన్ వాల్వులు అని తేలింది.

అల్యూమినియం అనగానే మనసు కుదుటపడింది. పల్చటి వెట్‌సూట్ మీద స్టీల్ జత వేసుకుంటే, సీసం ఒక్కటీ పెట్టుకోకపోయినా బరువు ఎక్కువైపోతుంది. నీళ్లలో వింగ్ (తేలడానికి వీపున ఉండే గాలి సంచి) చిరిగితే పైకి తేలడానికి వదిలేయదగ్గ బరువు ఒంటిమీద ఏదీ ఉండదు. అల్యూమినియం సిలిండర్ గాలి ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది, చివరికి ఒక్కొక్కటి దాదాపు 2 కిలోల తేలుడు ఇస్తుంది. అందుకని కొంత సీసం పెట్టుకోక తప్పదు, కానీ అవసరమైతే దాన్ని వదిలేయొచ్చు. వెచ్చటి నీళ్లలో స్టీల్ జత నేనైతే వేసుకోను. బ్యాక్‌ప్లేట్ (సిలిండర్లు బిగించే వీపు పలక), జంట సిలిండర్ల వింగ్, రెగ్యులేటర్లు నావే తీసుకెళ్లాను. ప్లేట్ రంధ్రాల మధ్య దూరం మామూలుగా 11 అంగుళాలే కాబట్టి వాళ్ల బ్యాండ్ల బోల్టులకి ఇబ్బంది లేకుండా బిగిసింది.

డెక్ మీద బెంచీలు సింగిల్ సిలిండర్‌కి తగ్గట్టు చేసినవి. జతకి ఇద్దరి చోటు కావాలి. మొదటి రోజే గైడ్‌ని అడిగి, నిచ్చెనకి దగ్గరగా ఉన్న చివరి చోటు తీసుకున్నాను. నిండు జత, ప్లేటు అన్నీ కలిపితే 40 కిలోల దాకా తూగుతుంది. దాన్ని వీపున వేసుకుని ఊగే డెక్ మీద నాలుగు అడుగులు తక్కువ వేయడం కూడా లాభమే.

అసలు జాగ్రత్తంతా నింపడం దగ్గరే. ఇలాంటి బోట్ల మీద సిలిండర్లని కదపరు, కంప్రెసర్ గొట్టాన్నే బెంచీ దాకా లాక్కొచ్చి అక్కడే నింపుతారు. సింగిల్స్‌కి అలవాటు పడ్డ కుర్రాళ్లు డైవ్ అయ్యాక కనిపించిన నాబ్‌నల్లా కట్టేస్తారు. ఒకసారి మధ్యలో ఉన్న ఐసొలేటర్‌ని కూడా కట్టేశారు. తర్వాత కుడి వాల్వ్‌కి గొట్టం తగిలించి 200 బార్ ఒత్తిడి దాకా నింపి వెళ్లిపోయారు. నా గేజ్ ఎడమ వైపు ఉంటుంది. వాల్వ్ తెరిచి చూస్తే 70. మెల్లగా ఐసొలేటర్ తిప్పాను. బుస్సుమంటూ గ్యాస్ ఇటు మళ్లి, ముల్లు 135 దగ్గర ఆగింది.

ఇది తేలిగ్గా దొరికిన రకం. అదే గొట్టం ఎడమ వైపు పెట్టి ఉంటే గేజ్ నిండుగా 200 చూపించేది, నేను పీల్చే కుడి సిలిండర్లో మాత్రం 70 ఉండేది. పాత గ్యాస్ వేరే మిశ్రమం అయితే ఇంకో చిక్కు: ఒక్క వైపే ఆక్సిజన్ కొలిచి లాగ్‌లో సంతకం పెట్టేసేదాన్ని. మాకు అన్నీ 32 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమమే కాబట్టి ఆ గొడవ రాలేదు. మళ్లీ నింపించి, రెండు వైపులా కొలిచాను. ఆ మిశ్రమంతో ఆక్సిజన్ ఒత్తిడికి 1.4 బార్ హద్దు పెట్టుకుంటే దాదాపు 33 మీటర్లు దాటకూడదు. ఐసొలేటర్ నాబ్‌కి ఎర్ర టేపు చుట్టి, కంప్రెసర్ చూసుకునే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని దాని పని ఏమిటో తిప్పి చూపించాను. ఆ తర్వాత ప్రతిసారీ నింపే ముందు ఆ నాబ్ తెరిచి ఉందని నాకు చూపించి మరీ మొదలుపెట్టాడు. అయినా నేను నా చెయ్యి వేసి చూడకుండా దిగలేదు.

దిగడం సులువే. రబ్బరు పడవ అంచున కూర్చుని వెనక్కి వాలితే బరువే లాక్కుపోతుంది. తిరిగి ఎక్కడమే కష్టం. సింగిల్ వాళ్లు నీళ్లలోనే సిలిండర్ విప్పి పైకి అందిస్తారు. జతకి తొడల మధ్య పట్టీ కూడా ఉంటుంది, విప్పినా ఒక్కరు లాగలేరు. అందుకే పెద్ద బోటు నిచ్చెన దగ్గరే దింపమని మాట్లాడుకున్నాను. ఫిన్స్ పైకి అందించి, అలతో పాటు నిచ్చెన పైకి లేచే క్షణం చూసుకుని అడుగు వేయాలి, పై మెట్టు మీద ఎవరో ఒకరు మానిఫోల్డ్ పట్టుకోవాలి.

ఇక గాలి సంగతి. నీళ్ల పైన నిమిషానికి 15 లీటర్లు పీల్చేవాళ్లకి 30 మీటర్ల దగ్గర, ఒత్తిడి నాలుగింతలు కాబట్టి, నిమిషానికి 60 లీటర్లు ఖర్చవుతుంది. 32 శాతం నైట్రాక్స్‌తో, డికంప్రెషన్ (పైకి వస్తూ మధ్యలో తప్పక ఆగడం) లేకుండా, అక్కడ 30 నిమిషాల వరకే ఉండగలం. అంటే సింగిల్‌లో ఉండే 2200 లీటర్లలో 1800 అక్కడే అయిపోతాయి, ఆపదకి మిగిలేది ఏమీ లేదు. నా జతలో అదే డైవ్‌కి సగానికి పైనే మిగిలేది. రోజుకి మూడు నాలుగు డైవ్‌లు చేసేటప్పుడు ఒంట్లో నైట్రోజన్ పేరుకుపోయి డైవ్ కంప్యూటర్ ఇంకా తక్కువ సమయం ఇస్తుంది, గైడ్ పెట్టిన గంట హద్దు ఎటూ ఉంది. మిగిలిన గ్యాస్‌తో అదనంగా ఒక్క నిమిషం కూడా ఉండలేదు. దాన్ని తాకకుండా తిరిగి తేవడానికే మోశాను.

పగడపు దిబ్బ మీద 12 మీటర్లకి మించని రాత్రి డైవ్‌లకి మాత్రం సింగిల్ అడిగి తీసుకున్నాను. పైకి దారి దగ్గరగా ఉన్నచోట అంత బరువు ఎక్కించి దించడం దండగ, డెక్ వాళ్ల నడుములకీ కాస్త విశ్రాంతి.

మానిఫోల్డ్ లేని బోటు అయితే వాళ్ల సింగిల్స్‌నే రెండు బ్యాండ్లతో జతగా కట్టుకోవచ్చు. అప్పుడు రెండు రెగ్యులేటర్లు, రెండు గేజ్‌లు ఉంటాయి, మార్చి మార్చి పీలుస్తూ రెండు వైపులా ఒత్తిడి సమంగా దింపుకుంటూ రావాలి. ఒక వైపు చెడితే అందులో ఉన్న గ్యాస్ పోయినట్టే, కాబట్టి రెండో వైపు ఎప్పుడూ నేనూ నా జోడీ డైవరూ ఇద్దరం పైకి రావడానికి సరిపడా ఉండాలి. దిగే ముందు జోడీకి ఏ రెగ్యులేటర్ అందిస్తానో చూపించి, చేత్తో ఒకసారి పట్టుకోమంటాను.