మంచు నెలల్లో ఎల్క్ కొండల బెంగ

జనవరి వచ్చేసరికి కొలరాడో ఎత్తుకొండల దారులన్నీ మంచు కింద కూరుకుపోతాయి. అక్కడి ఫ్లాట్ టాప్స్ అనే కొండల మీద మాకు బెంగ పట్టుకునేది అప్పుడే. అక్టోబరు చివరి రైఫిల్ సీజన్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు తిరిగిన ఆ అడవి మ్యాపును బల్ల మీంచి తియ్యబుద్ధి కాదు. నడిచిన దారిని వేలితో మళ్లీ నడుస్తూ వచ్చే ఏటి లెక్క వేసుకుంటాం. ఆ లెక్కలో ముందు తేల్చుకోవలసింది పడిన జంతువును ఎంత దూరం మోసుకు రాగలమన్నది. ఎల్క్ ఎక్కడుంటుందన్నది ఆ తర్వాతి మాట.

మీకర్ ఊరి నుంచి వైట్ రివర్ వెంట తూర్పుగా పోయి కుడికి తిరిగితే ట్రాపర్స్ లేక్ దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కడికే ఎత్తు 9,600 అడుగులు. అవతల అంతా వైల్డర్‌నెస్, అంటే మనుషుల చెయ్యి పడకుండా చట్టం కాపాడే అడవి, సుమారు 2.35 లక్షల ఎకరాలు. 1964 చట్టం ప్రకారం అందులో మోటారు బండి, సైకిలు, మిషను రంపం ఏదీ వాడకూడదు. కాలినడకన పోవాలి, లేదంటే గుర్రం మీద. 1919లో ఆర్థర్ కార్‌హార్ట్ అనే అటవీశాఖ ఉద్యోగి ఈ సరస్సు చుట్టూ వేసవి ఇళ్లకు స్థలాలు కొలవడానికి వచ్చి, దీన్ని ఇలాగే వదిలెయ్యండని పైవాళ్లకు చెప్పాడు. ఆయన పుణ్యమా అని అక్కడ ఇప్పటికీ తెల్లవారుజామున ఎల్క్ అరుపు తప్ప వేరే చప్పుడు వినపడదు.

గుడారం వేసేముందు తల పైకెత్తి చూడాలి. 1940ల్లో బెరడు పురుగు పట్టి చచ్చిన స్ప్రూస్ చెట్లు, 2002 కార్చిచ్చులో కాలిన మానులు ఇప్పటికీ చాలాచోట్ల నిలబడే ఉన్నాయి. గాలి లేస్తే అవి చెప్పకుండా పడతాయి. చెట్టు ఎంత పొడవుందో అంతకన్నా ఎక్కువ దూరంలో పడక వేసుకోవడం మంచిది. రాత్రి చలి సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువకు పోయినా ఆశ్చర్యం లేదు. స్లీపింగ్ బ్యాగు మైనస్ 18 రకం, కింద చాప ఆర్ విలువ (నేల చలిని ఆపే శక్తి) 5కు తగ్గనిది ఉండాలి. నీటి ఫిల్టరునూ గ్యాసు డబ్బానూ పడకలోనే పెట్టుకుంటాం. ఫిల్టరులోని సన్న గొట్టాలు ఒక్కసారి గడ్డకడితే చిట్లిపోతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు. గ్యాసుకు చలిలో ఒత్తిడి తగ్గి మంట చచ్చుపడుతుంది.

తిండి దగ్గర మనవాళ్లకు ఒక మాట. పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. ఇంట్లోనే వండి ఎండబెట్టిన అన్నం, వేయించిన రవ్వతో ఉప్మా పొడి, అటుకులు, చిన్న డబ్బాలో గోంగూర పచ్చడి ఉంటే వేడినీళ్లతో పని జరిగిపోతుంది.

వేటలో సగం పని గాలిది. రాత్రి, తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి దిగుతుంది. ఎండ తగిలిన కాసేపటికి మళ్లి పైకి ఎక్కుతుంది, సాయంత్రం మళ్లీ కిందికి. అందుకని చీకట్లో కింది నుంచి పైకి నడిచి, గాలి మళ్లేలోగా మంద కన్నా ఎత్తుకు చేరుకోవాలి. జేబులో చిన్న సీసాతో టాల్కం పౌడరు పెట్టుకుని పది నిమిషాలకోసారి కొంచెం విదిల్చి చూస్తాం. ఎల్క్ కంటిని మాయ చెయ్యొచ్చు గానీ ముక్కును చెయ్యలేం. పొద్దున దక్షిణపు వాలు గడ్డిలో మేసి, ఎండెక్కాక ఉత్తరపు వాలు చిక్కటి స్ప్రూస్ నీడలోకి పోయి పడుకుంటాయి.

రెండో రోజుకే మాలో చిన్నవాడు గట్టు మీద నిలబడి, "అన్నా, ఆ లోయ దిగితే మంద కచ్చితంగా ఉంటుంది" అన్నాడు. ఉంటుంది, నిజమే. కానీ లెక్క చూడండి. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోల పైన తూగుతుంది. ఎముక తీసేసిన మాంసమే దాదాపు 90 కిలోలు, అంటే ఇరవై రెండు ఇరవై మూడు కిలోల చొప్పున నాలుగు మూటలు. ఇద్దరు మనుషులైతే ఒక్కొక్కరు మూటతో వచ్చి, ఖాళీగా పోయి, మళ్లీ మూటతో రావాలి. బండి నుంచి 5 కిలోమీటర్లంటే 15 కిలోమీటర్ల నడక, అందులో పది బరువుతో. మధ్యలో వెయ్యి అడుగుల లోయ ఎక్కుడు కూడా కలిస్తే మాంసం పాడైపోయేలోగా బయటపడలేం. ఆ లోయ దిగలేదు.

జంతువు పడ్డాక పొట్ట చీల్చకుండా కోసే పద్ధతే కొండల్లో మేలు. పక్కకు పడుకోబెట్టి, మెడ నుంచి తోక దాకా వెన్ను వెంట తోలు కోసి కిందికి ఒలుచుకు రావాలి. ముందు జబ్బను ఒంటికి కలిపే ఎముక కీలు లేదు. కాలు పైకెత్తి పట్టుకుంటే కండ పొరల మధ్య కత్తి సాఫీగా పోయి జబ్బ విడిపోతుంది. వెనక తొడ దగ్గర తుంటి బంతి దొరికేదాకా ఎముకను ఒరుసుకుంటూ పోవాలి. మార్చుకునే పలుచటి బ్లేడు తోలుకు బాగుంటుంది గానీ కీలు దగ్గర మెలిపెడితే విరుగుతుంది, అక్కడికి గట్టి కత్తి వేరే ఉండాలి. వెన్ను కండ, మెడ కండ తీశాక చివరి పక్కటెముక వెనక నుంచి చెయ్యి పెట్టి లోపలి మెత్తని కండ లాగాలి. ఆలస్యమైతే పొట్ట ఉబ్బి ఆ సందు మూసేస్తుంది, అక్కడ కత్తి తగిలితే మాంసమంతా పాడు. ఆ తర్వాత రెండో పక్కకు తిప్పాలి.

చాలామంది పోగొట్టుకునేది వెనక తొడే. బయట మంచు ఉన్నా ఎముక చుట్టూ వేడి లోపలే నిలిచి కండ పులిసిపోతుంది. తొడ ఎముక దాకా నిలువుగా చీల్చి, పలుచటి గుడ్డసంచిలో వేసి, గాలి ఆడే నీడలో వేలాడదీస్తే ఆ బెడద ఉండదు. మగదో ఆడదో తెలిపే గుర్తు ఒక ముక్కకు సహజంగా అంటుకునే ఉండాలి, తనిఖీలో అడుగుతారు. తినదగ్గ మాంసం అడవిలో వదిలేస్తే కొలరాడోలో నేరం. చట్టం లేకపోయినా వదలకూడదు.

చలికాలంలో ఆ కొండల వైపు కాళ్లు లాగుతాయి, కానీ పోయి వాటిని కదపకూడదు. కొవ్వు కరుగుతూ వసంతం దాకా నెట్టుకొచ్చే ఎల్క్‌కు, లోతు మంచులో ఒక్కసారి పరుగెత్తించినా ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇంటర్‌స్టేట్ 25 హైవేకు పడమట ప్రభుత్వ భూముల్లో రాలిన కొమ్ములు ఏరడం కూడా జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా నిషేధం. దిగువ లోయల్లో రోడ్డు పక్కన బండి ఆపి, దిగకుండా బైనాక్యులర్‌తో చూస్తే చాలు.

ఈ నెలల్లో చేసుకోవలసిన పని ఎలాగూ ఉంది. 1949 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) కార్డు లేనిదే మామూలుగా లైసెన్సు రాదు. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం మామూలుగా ఫెడరల్ చట్టానికి విరుద్ధం. చెల్లే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, లాయరుతో మాట్లాడి ముందుకు పోవాలి. మూపున పాతిక కిలోల ఇసుక బస్తా వేసుకుని వారానికి రెండుసార్లు మెట్లెక్కడం ఇప్పుడే మొదలుపెట్టాలి. వేట లైసెన్సుల లాటరీకి దరఖాస్తులు మార్చి 1న తెరుస్తారు, గడువు సాధారణంగా ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటలు.