గ్రాట్యుటీ లెక్కలో ఐదు వేలు తప్పాను: నా హెచ్‌ఆర్ ఇంటర్వ్యూ అనుభవం

నిన్న సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. సంతోషం, ఉక్రోషం రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను.

ఎంబీఏలో హెచ్‌ఆర్ చదివి, మూడేళ్లుగా మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీలో పని చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెజ్యూమెలు తిరగేయడం, ఫోను చేసి "నోటీస్ పీరియడ్ ఎంతండీ" అని అడగడం. దీన్నే హెచ్‌ఆర్ అంటారని మా బంధువులు నమ్ముతారు. నాకు మాత్రం ఆ నమ్మకం ఎప్పుడో పోయింది. అందుకే జడ్చర్ల వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ ఖాళీ ఉందని తెలియగానే దరఖాస్తు పెట్టాను. ఫోను ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయింది. నేరుగా రమ్మన్నారు.

చేతిలో రెండు వారాలు ఉన్నాయి. ఇక్కడే ఒక తెలివితక్కువ పని చేశాను. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కు 12,000 కట్టాను. "మీ బలహీనత ఏమిటి" అని అడిగితే "ప్రతి పనీ మరీ పక్కాగా ఉండాలనుకోవడమే" అని చెప్పమని నేర్పారు. క్లాసులో ముప్పై మందిమి ఉంటే ముప్పై మందికీ అదే జవాబు. నేను ఫోనులో రోజూ వినేది ఆ జవాబే! వాళ్లిచ్చిన చట్టాల నోట్సు అంతకన్నా ఘోరం. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. ఆ నోట్సులో కోడ్ అన్న మాటే లేదు. అడిగితే "అవి ఇంటర్వ్యూలో రావు మేడమ్" అన్నారు. కోడ్‌లు నేనే కూర్చుని చదువుకున్నాను. పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉద్యోగికి 0.75, యజమానికి 3.25 అంటూ అంకెలన్నీ బట్టీ పట్టాను. ప్రసూతి సెలవు 26 వారాలన్నదీ నోటికి వచ్చింది. బట్టీ పట్టినవి నోటికి వస్తాయి, చేతికి రావని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఆ రోజు తెల్లవారుజామునే ఎంజీబీఎస్‌లో బస్సెక్కాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర నా ఫోను కెమెరాకు స్టిక్కరు అంటించి లోపలికి పంపారు. మొదటి రౌండు ఒక అమ్మాయి చేసింది, ఏ ఇబ్బందీ లేదు.

రెండోది హెచ్‌ఆర్ హెడ్‌తో. యాభై అయిదేళ్లుంటాయి. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక పెన్సిలు. ఈ రంగంలోకి ఎందుకొచ్చావని అడిగారు.

"మనుషులతో పని చేయడమంటే ఇష్టం సార్" అన్నాను. ఇది ఇన్‌స్టిట్యూట్ జవాబు కాదు, నా సొంతమే. అయినా అంత ఘనంగా ఏమీ లేదు.

"అయితే ఒక మనిషితో మాట్లాడమ్మా" అంటూ ఆయన కుర్చీలోంచి లేచారు. బల్లకు ఇటువైపు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మేడమ్, నేను ప్యాకింగ్‌లో ఆపరేటర్‌ని. నాలుగేళ్ల పది నెలలు చేశాను. మానేసి ఊరికి వెళ్లిపోతున్నాను. బేసిక్, డీఏ కలిపి 13,000. గ్రాట్యుటీ ఎంత వస్తుంది?"

"ఐదేళ్లు నిండలేదు కదా, రాదు" అన్నాను గట్టిగా. గ్రాట్యుటీ అంటే ఉద్యోగం మానేటప్పుడు, చేసిన ఏళ్లను బట్టి యజమాని ఇచ్చే మొత్తం. మామూలుగా ఐదేళ్లు నిండాలి.

"ఐదో ఏట కూడా 240 రోజులు దాటి పని చేశాను మేడమ్. మద్రాసు హైకోర్టు ఇవ్వమందట కదా?"

నాకు మాట రాలేదు. అలాంటి తీర్పు ఒకటి ఉందని అప్పుడే విన్నాను. "సరే, వస్తుందనుకోండి. ఎంత?" అని తెల్లకాగితం నా ముందుకు జరిపారు. ఏడాదికి పదిహేను రోజుల జీతం. పదమూడు వేలను ముప్పైతో భాగించి పదిహేనుతో గుణిస్తే 6,500. పది నెలలను పూర్తి ఏడాదిగా లెక్కించాలని తెలుసు కాబట్టి ఐదేళ్లకు 32,500 అని రాశాను.

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి నా 30 మీద అడ్డంగా గీత గీశారు. పక్కన 26 వేశారు. ఏడాదికి 7,500, ఐదేళ్లకు 37,500. చేతులు మళ్లీ కట్టుకుని, "నా ఐదు వేలు ఎక్కడికి పోయాయి మేడమ్?" అన్నారు. నవ్వలేదు, కోప్పడలేదు. సరిగ్గా అప్పుడే టీ తెచ్చిన కుర్రాడు కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. పిలుస్తామని చెప్పి పంపేశారు.

తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని నాన్నకు ఫోను చేశాను. నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. అంతా విని, "నెలలో నాలుగు ఆదివారాలు తీసెయ్యమ్మా, 26 మిగులుతాయి. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా" అన్నారు. గోదావరిఖనిలో మా బీరువా అడుగున, ఖాకీ కవరులో నాన్న గ్రాట్యుటీ కాగితం ఉంది. అందులో 15/26 అని టైపు చేసి ఉందట. ఇంట్లో చదువు పెట్టుకుని అమీర్‌పేట వెళ్లాను!

వారం తర్వాత మళ్లీ పిలిచారు. ఆ వారమంతా దొరికిన ప్రతి జీతపు చీటీకీ లెక్కలు వేశాను. ఈసారి హెచ్‌ఆర్ హెడ్, "జూలైలో ఒకరి జీతం ఈఎస్‌ఐ పరిమితి 21,000 దాటింది. ఈఎస్‌ఐ కోత ఆపేద్దామా?" అన్నారు. "ఆపకూడదు సార్. ఏప్రిల్‌లో మొదలైన కాలం సెప్టెంబరుతో ముగిసేదాకా కట్టాల్సిందే" అన్నాను, ఆయన ప్రశ్న పూర్తయ్యీ కాకముందే. ఇప్పుడు గ్రాట్యుటీ నోటిలెక్కగా చెప్పగలను, కావాలంటే అడగండి.

రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే కన్సల్టెన్సీల జోలికి మాత్రం పోకండి. మూడేళ్లు ఆ వైపు కూర్చున్నదాన్ని చెబుతున్నాను.

ఆఫర్ లెటర్‌లో నెలకు 32,000 అని ఉంది. అందులో బేసిక్ 13,000, మిగతా 19,000 అలవెన్సులు. ఆయనకే ఫోను చేశాను. "సార్, కొత్త కోడ్ ప్రకారం అలవెన్సులు సగానికి మించితే మించిన మూడు వేలు వేతనంలో కలుస్తాయి కదా? నా గ్రాట్యుటీ 16,000 మీద లెక్కించాలి కదా?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఒకటో తారీఖున వచ్చి చేరమ్మా. ఆ ఫైలు నీకే ఇస్తాను" అన్నారు.