రోలీ క్రంప్ చేతిపని కోసం అనాహైమ్‌లో

కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో ఉన్న డిస్నీల్యాండ్ పార్కు మెయిన్ స్ట్రీట్‌లో మేడల మీది కిటికీల కేసి తలెత్తి చూస్తే పేర్లు కనిపిస్తాయి. పార్కుకి పనిచేసినవాళ్ల గుర్తుగా, లేని వ్యాపారాలకు బోర్డులు రాసినట్టు రాస్తారు. అందులో ఒకటి చెయ్యి చూసి జోస్యం చెప్పే కొట్టు. ఆ బోర్డు మీద జ్యోతిష్కుడి సహాయకుడి పేరు రోలండ్ ఎఫ్. క్రంప్. అందరూ రోలీ అనేవారు. 1952లో డిస్నీ స్టూడియోలో యానిమేషన్ పనికి చేరారు, తర్వాత పార్కులకు బొమ్మలూ రైడ్లూ డిజైన్ చేశారు, 2023 మార్చిలో 93 ఏళ్ల వయసులో పోయారు. నేను ఇంత దూరం వచ్చింది ఆయన పని చూడటానికే.

నా మేనకోడలికి మాత్రం రైడ్ల మీదే మనసు. "అత్తా, స్పేస్ మౌంటెన్‌కి క్యూ తగ్గింది, రా తొందరగా" అంటూ ఫోన్ చూపిస్తోంది. నువ్వు వెళ్లిరా అన్నాను.

పార్కులోని అడ్వెంచర్‌ల్యాండ్‌లో, పాడే పిట్ట బొమ్మల షో జరిగే టికి రూమ్ ముందు చిన్న తోట ఉంది. షోకి తలుపులు తీసేదాకా జనం నిలబడే చోటు. చేతిలో అనాస ఐస్‌క్రీం, కళ్లు ఫోన్లో. చుట్టూ ఉన్న పాలినీషియా దేవతల బొమ్మలన్నీ రోలీ స్వయంగా మట్టిలో మలిచినవి. 1963లో షో మొదలుపెట్టే ముందు శిల్పులకు తీరిక లేకపోతే, గీతలు గీసే మనిషి తానే మట్టి పట్టుకున్నాడు. వాటిలో మౌయి అనే దేవుడి దగ్గర వెదురు గొట్టంలోకి నీళ్లు పడుతుంటాయి. నిండగానే గొట్టం ముందుకు ఒరిగి, నీళ్లు ఒలకబోసి, మళ్లీ వెనక్కి వాలి టక్కుమంటుంది.

అక్కడ ఒక పిల్లాడు, నాలుగైదేళ్లుంటాయేమో, ఆ గొట్టం ముందు పాతుకుపోయాడు. నిండుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి చూడటం, టక్కుమనగానే గెంతడం. తలుపులు తీశారు, జనం లోపలికి పోయారు, వాడు కదలడు. లోపల పాడే పిట్టలున్నాయిరా అని వాళ్ల తాత ఎంత బతిమాలినా వినలేదు. చివరికి ఆయన నాకేసి చూసి నవ్వేసి పక్కన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ముగ్గురం తర్వాతి షోకే వెళ్లాం. ఆ టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చిన సమయం అదే.

మధ్యాహ్నం గురించి చెప్పడానికేమీ లేదు. ఎండ, క్యూలు. ఈ ఊళ్లో తిండికి డాలర్లు నీళ్లలా పోతాయి.

గమనిస్తే, రోలీ పని ఎక్కువగా జనం ఆగే చోటో, దాటిపోయే చోటో ఉంది. ఆయన వింత వస్తువులతో ఒక మ్యూజియం ఊహించారు, అది కట్టలేదు. అందులోని కొన్ని ఆలోచనలు 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల ఇంటి రైడ్‌లో కలిశాయి. ముఖం ఉన్న కుర్చీ అలాంటిదే. బండి దాని ముందునుంచి ఇట్టే జారిపోతుంది. స్మాల్ వరల్డ్ అనే రైడ్ బయట నవ్వుతూ అటూ ఇటూ ఊగే గడియారం కూడా ఆయనదే. పావుగంటకోసారి తలుపులు తెరుచుకుని బొమ్మలు ఊరేగుతాయి. క్యూలో ఉన్నవాళ్లలో తలెత్తింది కొందరే. నాకు నిజంగా కోపం వచ్చింది.

1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌కి ఇదే స్మాల్ వరల్డ్ ముందు ఆయన 120 అడుగుల గోపురం డిజైన్ చేశారు. గాలికి తిరిగే బొమ్మలూ ప్రొపెల్లర్లే అంతా. ఫొటోల్లో చూస్తే తిరునాళ్లలో కర్రకి గుచ్చి అమ్మే కాగితపు గాలిమరలు ఆకాశమంత పెరిగినట్టుంటుంది. రైడ్ 1966లో కాలిఫోర్నియాకి వచ్చింది, గోపురం రాలేదు. ఫెయిర్ అయ్యాక దాన్ని తుక్కు చేశారు.

మర్నాడు బ్యూనా పార్క్‌లో నాట్స్ బెర్రీ ఫార్మ్ అనే మరో వినోద పార్కుకి వెళ్లాం. 1975లో ఆయన అక్కడ చేసిన ఎలుగుబంట్ల రైడ్ ఎప్పుడో తీసేశారు. 2021లో అదే పేరుతో కొత్తది పెట్టారు. త్రీడీ అద్దాలు పెట్టుకుని తెర మీద గురిచూసి కొట్టాలి. మేనకోడలు స్కోరు చూసి మురిసిపోయింది, మళ్లీ ఎక్కుదామంది. నాకు మాత్రం తెర మీద కంటే ఎదురుగా కదిలే బొమ్మలే కావాలనిపించింది.