గల్లా దగ్గర కూర్చోవాలి: తలకు దెబ్బ తగిలినవాళ్లతో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నా అనుభవం

తలకు గట్టి దెబ్బ తగిలి ఇంటికి చేరిన మనిషిని "మీకేం కావాలి?" అని అడిగితే, ఎక్కువమంది చెప్పేది ఒకటే: "మళ్లీ మామూలు మనిషిని కావాలి." రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నా పని ఆ 'మామూలు' అనే మాటను విప్పడంతో మొదలవుతుంది. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశారో గంటగంటకూ చెప్పించుకుంటాను. ఎక్కడ పని ఆగిందో, ఎక్కడ ఇంకొకరు చెయ్యి వేయాల్సి వచ్చిందో అక్కడ గుర్తు పెట్టుకుంటాను.

దీనికి నేను వాడేది సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్), 1991లో కెనడాలో వచ్చిన పద్ధతి. సొంత పనులు, సంపాదన–ఇంటి బాధ్యతలు, తీరిక వేళలు: ఈ మూడింట్లో ఇబ్బందిగా ఉన్నవాటిని ఆ మనిషి నోటే చెప్పిస్తాం. ఒక్కోటి ఎంత ముఖ్యమో 1 నుంచి 10 లోపు అంకె వేయిస్తాం. వాటిలో అయిదుకు మించకుండా ఎంచుకుని, ఇప్పుడు ఎంత బాగా చేస్తున్నారో, దాంతో ఎంత తృప్తిగా ఉన్నారో మరో రెండు అంకెలు తీసుకుంటాం. కొన్ని వారాలకు అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతాం. రెండు పాయింట్లు పెరిగితే పనికొచ్చే మార్పు వచ్చిందని లెక్క.

మెదడు దెబ్బ తిన్నవాళ్ల దగ్గర ఇది ఇంత సాఫీగా సాగదు. దెబ్బ తగిలిన కొత్తలో పొద్దున జరిగింది సాయంత్రానికి నిలవదు. ఆ దశలో అడిగితే ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి చెబుతారు. అందుకే రోజు, చోటు, సంఘటనలు అడిగే గోట్ పరీక్షలో 100కి 75 మార్కులు దాటి నిలకడగా ఉన్నాకే ఈ ఇంటర్వ్యూకి కూర్చుంటాను. అరగంటకే అలిసిపోతారు కాబట్టి రెండు పూటలుగా చేస్తాను. పక్కన ఇంటివాళ్లుంటే జవాబులన్నీ వాళ్లే చెప్పేస్తారు. "అమ్మా, మీ మాట కూడా వింటాను, ముందు ఆయన్ని చెప్పనివ్వండి" అని వాళ్లకు వేరే కాగితం ఇస్తాను. మాట తడబడేవాళ్ల ముందు ఫొటోలు పరుస్తాను: గిన్నె, బండి, బడి, గుడి, కొట్టు.

అన్నిటికంటే పెద్ద చిక్కు, తన లోటు తనకే తెలియకపోవడం. ఇది మొండితనం కాదు. మెదడులో తన పనిని తానే తూచుకునే భాగానికే దెబ్బ తగిలి ఉంటుంది. కిరాణా కొట్టు నడిపిన మనిషి ఉన్నాడనుకుందాం. ఇంట్లోవాళ్లకు కావలసింది, ఆయన స్నానం తానే చేసుకోవడం. ఆయనకు కావలసింది గల్లా దగ్గర కూర్చోవడం. "చిల్లర లెక్క మీకు ఎంత బాగా వస్తోంది?" అంటే ఆయన 8 వేస్తాడు, భార్య 3 వేస్తుంది. నేను వాదించను. "187 రూపాయల సరుకు, 500 నోటు ఇచ్చారు. ఎంతసేపట్లో ఇస్తారు, ఎన్ని తప్పులొస్తాయి?" అని ముందే చెప్పించి రాసుకుంటాను. తర్వాత నిజం నోట్లతో చేయిస్తాను. చెప్పిందీ జరిగిందీ పక్కపక్కన పెట్టి ఆయన్నే చూడమంటాను.

తప్పు ఎక్కడ వచ్చిందో చూస్తే సగం పని అయినట్టే. చాలాసార్లు కూడికల్లో రాదు. నోటు తీసుకోగానే గల్లాలో పడేస్తారు. ఈలోగా ఇంకొకరు పప్పు అడుగుతారు, లేదా డబ్బులు పడ్డాయని సౌండ్ బాక్స్ అరుస్తుంది. ఇచ్చింది 500 నోటా, 200 నోటా అన్నది చెదిరిపోతుంది. కాబట్టి నేర్పేది లెక్క కాదు, వరస. చిల్లర చేతిలో పెట్టేదాకా నోటు బల్ల మీద తూకపు రాయి కింద ఉండాలి. చిల్లర పైకి ఎంచుకుంటూ ఇవ్వాలి: మూడు వేస్తే నూటతొంభై, పది వేస్తే రెండొందలు, మూడొందలు వేస్తే అయిదొందలు. ఆ తర్వాతే నోటు గల్లాలోకి. మొదట మూసిన గదిలో, తర్వాత ఒక కొనుగోలుదారుతో, ఆపైన ఇద్దరితో, చివరికి కొట్టులోనే, రద్దీ లేని వేళ ఇరవై నిమిషాలు. చేతి వేగం కోసం థెరపీ గదిలో రంధ్రాల చెక్కలో పుల్లలు గుచ్చించడం మీద నాకు నమ్మకం తక్కువ. అక్కడ వచ్చిన వేగం కొట్టుదాకా రాదు.

ఆగిపోయినప్పుడు వెంటనే సాయం అందించకూడదు. పది సెకన్లు ఊరుకుంటాను. తర్వాత "ఇప్పుడేంటి?" అంటాను. అప్పటికీ కదలకపోతే రాయి వైపు వేలు చూపిస్తాను, చివరికి చేసి చూపిస్తాను. ఏ మెట్టు దాకా వెళ్లాల్సి వచ్చిందో రాసుకుంటాను. పురోగతి కనపడేది అందులోనే. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఇదంతా తలకిందులు చేయాలి. వాళ్లు తప్పును మర్చిపోరు, తప్పు చేశామన్న సంగతి మర్చిపోతారు. దాంతో తప్పే అలవాటై కూర్చుంటుంది. కాబట్టి ఊహించమనకుండా సరైన మెట్టు ముందే చూపించి చేయించి, సాయం కొద్దికొద్దిగా తగ్గిస్తాను.

అడిగిన ప్రతిదానికీ సరే అనడం కుదరదు. బండి నడపాలంటారు. ఫిట్స్ భయం, చూపులో ఒక పక్క జారిపోవడం ఉంటే అది డాక్టరు తేల్చాల్సిన విషయం. "బండెందుకు?" అని తవ్వితే, హోల్‌సేల్ నుంచి సరుకు తేవడానికని తేలుతుంది. అయితే చీటీ రాయడం, ఫోన్లో ఆర్డరు చెప్పడం, ఆటోలో వచ్చిన బస్తాలు చీటీతో సరిచూడడం మా లక్ష్యాలవుతాయి.

మళ్లీ అంకెలు తీసుకునే రోజు ఒక వింత ఎదురవుతుంది. పని నిజంగా మెరుగుపడినా, ఆయన 8 వేసినచోట ఇప్పుడు 5 వేస్తాడు. ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. తన లోటు తనకు కనపడడం మొదలైతే అంకె ఇలాగే పడుతుంది. అందుకే నోట్లతో మొదటిసారి చేయించి చూసిన రోజే ఇంకోసారి అంకె వేయించి, పోల్చడానికి ఆ రెండోదాన్నే ఉంచుకుంటాను. భార్య వేసిన అంకె, ఎన్నిసార్లు సాయం అందించాల్సి వచ్చిందన్న లెక్క అదే పేజీలో పక్కనే రాస్తాను.