పూలు రాలే ముడి

పంద్రాగస్టు నాడు జెండా విచ్చుకోగానే నెత్తిన పూలు పడటం మనందరికీ గుర్తే. ముఖ్య అతిథి తాడు లాగారు, పూలు రాలాయి, చప్పట్లు కొట్టాం. దాని వెనక ముందురోజు సాయంత్రం మూడు నాలుగు తరగతుల పిల్లల పని ఉండేది. నన్నడిగితే అసలు పండగ ఆ సాయంత్రమే.

జనవరి 26కి పూల కరువు లేదు, బంతీ చామంతీ ఎవరి పెరట్లో చూసినా ఉంటాయి. ఆగస్టులోనే తిప్పలు. గన్నేరు, నందివర్ధనం, ఇంట్లో దేవుడి కోసం ఉంచిన నాలుగు గులాబీలు, ఏవి దొరికితే అవి తెచ్చేవాళ్లు. జెండాకు కావాల్సింది రెండు గుప్పిళ్ల రెక్కలే. బంతిపూలకు తొడిమ తీసెయ్యాలి, లేకపోతే పువ్వు ముద్దలాగే కింద పడుతుంది. తడి రెక్కలైతే ఒకదానికొకటి అంటుకుని విడివిడిగా రాలవు, పైగా ఖద్దరుకు మరకలవుతాయి. అందుకే రాత్రంతా పాత పేపరు మీద ఆరబోసేవాళ్లు.

మడతకు ఇద్దరు కావాలి. జెండా అంచున ఉండే తాడులో కర్రబిళ్ల ఉన్న కొస కాషాయం వైపుది. అది స్తంభం పైనున్న కప్పీ నుంచి వచ్చే పైతాడుకు, రెండో కొస కిందికి వేలాడే కిందితాడుకు కట్టాలి. తలకిందులు కాకుండా ఉండటానికి ఇదొక్కటే గుర్తు. కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు మీదికి మడిచి, రెక్కలు ఒకచోట కుప్పపోయకుండా పరిచి, చివరి అంచు నుంచి తాడు వైపుకు చుట్టుకుంటూ రావాలి. ఆ చుట్ట మీద కిందితాడును రెండు మెలికలు తిప్పి, మూడోసారి కొసను కాకుండా మధ్యతాడునే ఉచ్చులా మెలిక కింద దోపాలి. జారుముడి అంటే అదే. కొస మొత్తం దూర్చేస్తే పీటముడి పడుతుంది. అప్పుడిక అతిథిగారు ఎంత లాగినా ఊడదు, బ్యాండు వాయించేవాళ్లు బిక్కమొహం వేస్తారు.

చుట్ట పైకి వెళ్లేటప్పుడు కిందితాడు వదులుగా ఉండాలి. దాన్ని ఎవరైనా బిగబట్టారా, జెండా సగం దారిలోనే విచ్చుకుంటుంది. ముడి వేశాక వాన పడితే నూలుతాడు ఉబ్బి ముడి బిగుస్తుంది, కాబట్టి మళ్లీ కట్టాల్సిందే. నైలాన్ తాడుది మరో తంటా: నున్నగా ఉండి ముడి తనంతట తనే జారిపోతుంది. రిహార్సల్‌కు మాత్రం జెండా వాడేవాళ్లు కాదు, పాత తువ్వాలు చుట్టి ఎగరేసేవాళ్లు. తువ్వాల్లోంచి నాలుగు గన్నేరు రెక్కలు రాలినా చిన్న క్లాసుల వాళ్లు కేరింతలు కొట్టేవాళ్లు.

ఇక తోరణాల సంగతి తెలిసిందే: పురికొస, రంగు కాగితాలు, ఉడకబెట్టిన మైదా జిగురు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం వేసేవాళ్లు. అది విషం కాబట్టి కలిపే పని పెద్దవాళ్లదే.

జెండాలో ఏమీ మూటగట్టకూడదని 2002 నాటి ఫ్లాగ్ కోడ్ చెబుతుంది, జాతీయ పర్వదినాల్లో పూలరెక్కలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఎగరేయడం చకచకా, దించడం నెమ్మదిగా అన్నదీ అందులోదే. 2022 దాకా సూర్యాస్తమయానికల్లా దించాల్సిందే కనుక, మిఠాయి తిని అందరూ వెళ్లిపోయాక కూడా సాయంత్రం ఇద్దరు ముగ్గురు తిరిగొచ్చేవాళ్లు.

ఈసారి బడికి ఏమైనా ఇద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఇరవై అడుగుల స్తంభానికి నలభై అయిదు అడుగుల నూలుతాడు పడుతుంది. దాంతోపాటు కప్పీలో రెండు చుక్కల నూనె వెయ్యండి.