కాలవ గట్టు దారి, పాప సీటు, ఆరని ఎర్ర లైటు: నా అనుభవం

మా కోనసీమలో వెనక సీట్లో కూర్చున్నవాళ్లని బెల్ట్ పెట్టుకోమంటే ఎక్కువమంది చెప్పే కారణం ఒక్కటే, కాలవ. "బెల్ట్ ఎట్టేసుకుని కూర్చుంటే, కారు కాలవలో పడ్డప్పుడు బయటికి ఎలా వస్తామండీ?" అంటారు. తీసిపారేసే మాట కాదిది. ఇక్కడ చాలా ఊళ్లకి దారి కాలవ గట్టు మీదే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలు. ధాన్యం ట్రాక్టరో బస్సో ఎదురొస్తే ఎవరో ఒకరు అంచుకి దిగాల్సిందే. కారు కాలవలోకి వెళ్లిపోయిందన్న వార్త మాకు కొత్త కాదు.

పాప పుట్టాక మాకు కారు ప్రయాణాలు పెరిగాయి. అమలాపురం నుంచి ముమ్మిడివరం, యానాం మీదుగా కాకినాడలో పిల్లల డాక్టర్ గారి దగ్గరికి, ఆదివారాలు అత్తగారి ఊరికి. పాపకి చైల్డ్ సీటు కొనాలని, కారెక్కిన ప్రతి ఒక్కరూ బెల్ట్ పెట్టుకోవాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. సీటు కొనడం డబ్బుతో అయిపోయింది. కాలవ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మాత్రం చాలా చదవాల్సి వచ్చింది.

మావయ్య గారు కొబ్బరి తోట చూసుకునే మనిషి. ఏదైనా లెక్క కుదిరితేనే ఒప్పుకుంటారు. "పెట్టుకోనని అనట్లేదమ్మా. నీళ్లలో పడితే ఏం చెయ్యాలో ముందు చెప్పు" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే అడిగారనిపించింది నాకు.

నేను తెలుసుకున్నది ఆయనకి ఇలా చెప్పాను. నీళ్లలో పడ్డ కారు వెంటనే మునిగిపోదు. చాలాసార్లు అర నిమిషం నుంచి ఒకటి రెండు నిమిషాల దాకా తేలుతుంది. బయటపడాల్సింది ఆ కాసేపట్లోనే. అందుకు మనిషికి స్పృహ ఉండాలి, చేతులు ఆడాలి. బెల్ట్ లేనివాళ్లు కారు గట్టు దిగేటప్పుడే టాపుకో, అద్దానికో, ముందు సీటుకో తల కొట్టుకుంటారు. స్పృహ తప్పాక ఇక వాళ్లంతట వాళ్లు బయటికి రాలేరు. బెల్ట్ ఉన్నవాళ్లు చెయ్యాల్సింది ఒక బటన్ నొక్కడం. పైగా వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, అప్పుడు ఆ గట్టు పక్కన ఉండేది నీళ్లు కాదు, లోతైన గొయ్యి. అక్కడ కారు పల్టీ కొడితే మనిషిని సీట్లో పట్టి ఉంచేది బెల్ట్ ఒక్కటే.

మావయ్య గారు కాసేపు ఆలోచించి, "మరి తలుపు తెరుచుకోదు కదా?" అన్నారు. నిజమే, బయట నీళ్ల ఒత్తిడికి తలుపు తెరుచుకోవడం చాలా కష్టం. ఒకవేళ తెరుచుకున్నా నీళ్లు ఒక్కసారిగా లోపలికి వచ్చి కారు ఇంకా తొందరగా మునుగుతుంది. అందుకే తలుపు జోలికి పోకూడదు. బెల్ట్ విప్పాలి, కిటికీ అద్దం దించాలి, పిల్లల్ని ముందు బయటికి పంపాలి, వెనకే మనం రావాలి. ఫోన్ చెయ్యడానికి ఆగకూడదు. పవర్ విండోలు నీళ్లు తగిలిన వెంటనే ఆగిపోవు, కాసేపు పని చేస్తాయి. నీటిమట్టం కిటికీ దాకా వస్తే ఒత్తిడికి అద్దం దిగదు కాబట్టి ఆ పని ముందే కావాలి. దిగకపోతే పక్క అద్దం పగలగొట్టాలి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పొర పెట్టి చేసింది, దాన్ని కొడుతూ కూర్చుంటే సమయం పోతుంది. పక్క అద్దాన్ని మూల దగ్గర కొడితే పొడిపొడిగా రాలిపోతుంది. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా పొర ఉన్నవే వస్తున్నాయి. మన కారుది ఏ రకమో ముందే చూసుకోవాలి. స్ప్రింగుతో పనిచేసే అద్దం పగలగొట్టే చిన్న పరికరం, దానికే బెల్ట్ కోసే బ్లేడు ఉన్నది, మేము కొని గేర్ పక్కన కట్టి పెట్టాం. డిక్కీలో పెడితే అవసరానికి అందదు.

ఆ సాయంత్రమే మావయ్య గారు ఇంటి ముందు ఆపిన కారులో కూర్చుని, కళ్లు మూసుకుని బెల్ట్ పెట్టుకోవడం, విప్పడం ప్రాక్టీస్ చేశారు. చెయ్యి తడుముకోకుండా బకిల్ దగ్గరికి వెళ్లేదాకా వదల్లేదు. పాప సీటు ఎర్ర బటన్ కూడా నొక్కి చూశారు. చిన్నపిల్లలు తామే విప్పుకోకుండా దాన్ని కావాలనే గట్టిగా పెడతారు, పెద్దవాళ్లు కూడా బొటనవేలు బాగా ఆనించి నొక్కాలి. ఇంట్లో అందరం నేర్చుకున్నాం.

ఈ ప్రాక్టీస్ మొదలుపెట్టబోతే అసలు వెనక సీట్లో బకిల్స్ కనపడలేదు. సీటు కవర్లు వేసినవాళ్లు వాటిని కవర్ కిందకి తోసేశారు. ఇది మా ఒక్క కారు సంగతి కాదు. తెలిసినవాళ్ల కార్లు చూస్తే చాలావాటిలో ఇదే వరస. బెల్ట్ ఉంటుంది, అది పడాల్సిన బకిల్ రెగ్జిన్ కింద ఎక్కడో ఉంటుంది. కుట్టు విప్పించి బయటికి తీయించాం. ఒక బెల్ట్ అంచు ఎలుక కొరికి పీచు లేచింది. కొద్దిగానే కదా అనిపిస్తుంది గానీ, ఎంతో బరువు లాగేటప్పుడు చిరుగు అక్కణ్ణుంచే మొదలవుతుంది. కుట్టించడం పనికిరాదన్నారు, కొత్తది వేయించాం. మా వైపు చెమ్మ ఎక్కువ కాబట్టి బెల్ట్ తడిస్తే పూర్తిగా ఆరాకే లోపలికి చుట్టుకోనివ్వాలి. సబ్బు నీళ్లతో తుడవొచ్చు, బ్లీచింగ్ మాత్రం తగలకూడదు.

ఇక పాప సీటు. మా కారు పాతది, చైల్డ్ సీటుని బెల్ట్ లేకుండా నేరుగా కారుకి తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు లేవు. బెల్ట్‌తో కట్టే సీటు చూసుకోవాల్సి వచ్చింది. ఐసోఫిక్స్ ఉంటే బిగించేటప్పుడు పొరపాట్లు తక్కువ, కానీ బెల్ట్‌తో సరిగ్గా కట్టిన సీటు కూడా బిడ్డని కాపాడుతుంది. బజార్లో రెండు రకాలు కనపడ్డాయి. గట్టి డొప్ప ఉండి లోపల అయిదు పట్టీలు ఉన్న సీటు ఒకటి. సీటుకి తగిలించే మెత్తటి గుడ్డ సంచి లాంటిది ఇంకొకటి. రెండోది చవక. దాని మీద ఏ ప్రమాణం ముద్రా లేదు, అందుకే ముట్టుకోలేదు. సీటు మీద ఆర్44, ఆర్129 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణాల్లో ఒకటి గానీ, మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072 గానీ ఉండాలి. ఆర్44 బిడ్డ బరువుని బట్టి, ఆర్129 ఎత్తుని బట్టి ఉంటుంది. ఆర్129లో పక్క నుంచి గుద్దినప్పటి పరీక్ష కూడా ఉంటుంది, 15 నెలలు దాటేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఎవరో వాడిన సీటు ఇస్తామన్నారు. అది ఏ ప్రమాదంలో ఉందో, ఎన్నేళ్ల ప్లాస్టిక్కో తెలియదు కాబట్టి వద్దని చెప్పాం.

వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం అత్తయ్య గారికి నచ్చలేదు. "పిల్లకి రోడ్డు కనపడదు, మన మొహాలు కనపడవు, ఏడుస్తుంది" అన్నారు. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ ఇంకా గట్టిపడలేదు. ముందుకి కూర్చుంటే సడెన్ బ్రేకుకి పట్టీలు ఒంటిని ఆపుతాయి, తల మాత్రం ముందుకి విసురుతుంది. వెనక్కి కూర్చుంటే సీటు డొప్ప తలనీ మెడనీ వీపునీ కలిపి ఒకేసారి ఆపుతుంది. కారుని గుద్దించి చేసే పరీక్షల వీడియోలో, బిడ్డ బదులు కూర్చోబెట్టిన బొమ్మ మెడ ఎలా వంగుతుందో చూశాక ఆవిడ ఇక కాదనలేదు.

కానీ ఒళ్లో పెట్టుకోవడం మాన్పించడం అంత తేలిగ్గా జరగలేదు. "నా చేతుల్లోంచి జారిపోతుందా?" అని అడిగారు, కొంచెం బాధగా. ఆవిడ ప్రేమకి లోటు లేదు, బలం గురించే మాట్లాడాలి. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోతే, 9 కిలోల బిడ్డని ఆపడానికి సుమారు 125 కిలోల బరువు మొయ్యగలిగినంత బలం కావాలి. ఏ మనిషికీ అంత బలం ఉండదు. బెల్ట్ లేని పెద్దవాళ్లు ఒళ్లో బిడ్డ మీదకే పడతారు. మావయ్య గారికి అర్థమయ్యేలా మా ఆయన ఇంకో లెక్క చెప్పారు. 50లో గుద్దుకోవడమంటే పది మీటర్ల కొబ్బరి చెట్టు మీంచి పడ్డట్టే. ఆ మాటతో ఇంట్లో వాదన ఆగింది.

వెనక కూర్చుంటే ఏం కాదన్న నమ్మకం కూడా పోవాలి. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో కారు ప్రమాదంలో పోయారు. వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బెల్ట్ పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ ఇద్దరూ చనిపోయారు, ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు. చట్టం కూడా వెనకవాళ్లని వదల్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం బెల్ట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్ట్‌తో గానీ చైల్డ్ సీటుతో గానీ కూర్చోబెట్టకపోయినా అంతే.

సీటు బిగించడంలో నేను బాగా శ్రద్ధ పెట్టింది బెల్ట్ వెళ్లే దారి మీద. వెనక్కి తిరిగిన సీటుకి నీలం గుర్తులు, ముందుకి తిరిగినదానికి ఎరుపు గుర్తులు ఉంటాయి. నీలం గుర్తుల్లోంచి మెలిక పడకుండా బెల్ట్ పోనిచ్చి, సీటు మీద మోకాలు ఆనించి బరువు వేసి, మిగిలిన బెల్ట్ అంతా లాగాం. బెల్ట్ వెళ్లే చోట పట్టుకుని ఊపితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. పాప భుజం పట్టీలు భుజాల ఎత్తులో గానీ కాస్త కిందగా గానీ రావాలి. భుజం ఎముక దగ్గర పట్టీని వేళ్లతో పట్టి చూస్తే మడత దొరక్కూడదు. పట్టు లంగా కుచ్చిళ్లు, దళసరి ఫ్రాకులు కింద ఉంటే పట్టీ బిగిసినట్టు కనపడుతుంది గానీ బిగియదు. గుడికి వెళ్లేటప్పుడు కూడా పాపకి కారులో నూలు చొక్కా, అక్కడికెళ్లాక పట్టు లంగా. మే నెలలో ఎండలో ఆపిన కారులో ఇనుప బకిల్ చర్మం కాలేంత వేడెక్కుతుంది, చేత్తో తాకి చూశాకే పాపని కూర్చోబెట్టాలి.

ముందు సీట్లో, ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉండగా, వెనక్కి తిరిగిన చైల్డ్ సీటు ఎప్పుడూ పెట్టకూడదు. సన్ వైజర్ మీద ఉన్న బొమ్మ హెచ్చరిక అదే. ఎయిర్‌బ్యాగ్ గంటకి 200 కిలోమీటర్లు దాటిన వేగంతో విచ్చుకుంటుంది, అది తగిలేది సరిగ్గా బిడ్డ తల వెనక ఉన్న డొప్పకి.

మొదట్లో పాప ఏడ్చింది. ఏడిస్తే బండి పక్కకి ఆపి ఎత్తుకున్నాం గానీ, నడుస్తున్న కారులో పట్టీలు విప్పలేదు. అత్తయ్య గారు పక్కన బెల్ట్ పెట్టుకుని కూర్చుని పాటలు పాడతారు. ఇప్పుడు ముమ్మిడివరం దాటకుండానే నిద్రపోతుంది.

ఎర్ర లైటు కథ వర్షాకాలంలో వచ్చింది. భారీ వానకి వీధిలో నిలిచిన నీళ్లు కారు లోపలికి వచ్చి కింద మ్యాట్లు తడిశాయి. ఎండలో ఆరబెట్టాం. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ వెలిగి, కొన్ని సెకన్లకి ఆరిపోవాలి, బల్బులు పని చేస్తున్నాయని కారు చెప్పే పద్ధతి అది. ఆ రోజు అన్నీ ఆరాయి, కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్న బొమ్మ మాత్రం ఆరలేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు. కారు నడవడంలో ఏ తేడా లేదు, అందుకే చాలామంది పట్టించుకోరు. అది వెలుగుతుంటే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు, గుద్దుకున్న క్షణంలో బెల్ట్‌ని లాగి బిగించే ఏర్పాటు కూడా పని చెయ్యకపోవచ్చు.

దగ్గర్లో చూపిస్తే, "లైటు కనెక్షన్ తీసేస్తానండి, ఇక కనపడదు" అన్నారు ఒకరు. నాకు కోపం వచ్చింది. లైటు ఆపితే లోపం పోదు, చెప్పేది పోతుంది. సీట్ బెల్ట్ మోత ఆపడానికి అమ్మే ఉత్తుత్తి క్లిప్పుల సంగతీ ఇంతే. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటిని ఆన్‌లైన్ అంగళ్ల నుంచి తీసెయ్యమని ఆదేశించింది కూడా. మేము కారులో లోపం ఎక్కడుందో చదివే స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాం. ముందు సీటు కింద పసుపు రంగు కనెక్టర్‌లో నీటి తడికి పిన్నులు తుప్పు పట్టాయి. బ్యాటరీ తీగ విప్పి, కాసేపు ఆగి, ఆ కనెక్టర్ మార్చి మళ్లీ స్కాన్ చేశారు. లైటు ఆరింది. పసుపు కనెక్టర్లని ఇంట్లో లాగి చూడకూడదని, అవి ఎయిర్‌బ్యాగ్ తీగలని అక్కడి మెకానిక్ మరీ మరీ చెప్పారు.

ఆయన దగ్గరే మిగతా లైట్లూ అడిగి తెలుసుకున్నాను. ఎరుపు అంటే వీలైనంత త్వరగా బండి ఆపాలి. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే వెంటనే ఇంజన్ ఆపెయ్యాలి, థర్మామీటర్ బొమ్మకీ అంతే. హ్యాండ్‌బ్రేక్ దించినా బ్రేక్ లైటు ఆరకపోతే బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు. పసుపు అంటే బండి నడుస్తుంది గానీ త్వరలో చూపించాలి. ఆకుపచ్చ, నీలం ఊరికే సమాచారం.

మొన్న మా ఆడపడుచు భీమవరం నుంచి కొడుకుతో వచ్చింది. వాడికి ఏడేళ్లు. బెల్ట్ పెడితే పై పట్టీ మెడకి ఒరుసుకుంటోంది, కింద పట్టీ పొట్ట మీదకి జారుతోంది. పై పట్టీ భుజం మధ్యలోంచి, కిందది తొడల పైన తుంటి ఎముకల మీదుగా రావాలి. అలా కూర్చోవడానికి పిల్లల ఎత్తు 135 నుంచి 150 సెంటీమీటర్లు ఉండాలి, వాడు ఇంకా ఆ దరిదాపుల్లో లేడు. బెల్ట్ సరైన చోట పడేలా పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు, వీపు ఆనుకునే పలక ఉన్నది, చూసి ఆర్డర్ పెట్టాం. వాళ్ల కారులో కూడా వెనక బకిల్స్ కవర్ కిందే ఉన్నాయట. సంక్రాంతికి వచ్చేలోపు తీయించమని మావయ్య గారే ఫోన్ చేసి చెప్పారు.